మునుగువారి సామాను: ఫోనులో కొనుటయా, అంగడిలో కొనుటయా?



గత సంచికలో కుక్కరు రబ్బరును గూర్చియు, మిక్సీ గిన్నెలను గూర్చియు వ్రాసినప్పుడు, ఈ శీర్షిక వంటయింటి గడప దాటి సముద్రములోనికి దిగునని నేను తలపలేదు. చైతన్యపురినుండి ఒక సోదరి వ్రాసిన యుత్తరము నన్నచటికి తీసికొనిపోయినది. ఆమె కుమార్తె ఇంజనీరింగు ముగించి ఉద్యోగమున చేరి యొక సంవత్సరమైనది. స్నేహితురాండ్రతో గూడి అండమాను పోయి, వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రములో మునిగి యీదు విద్యను నేర్వదలచినది. దీనినే స్కూబా డైవింగు అందురు. తల్లి మొదట వలదనిరి. పది దినములు పిల్ల అన్నము సరిగా తినకుండుట చూచి ఒప్పుకొనిరి. చిక్కు అచట లేదు. పిల్ల ఫోనులో ఒక "సంపూర్ణ సెట్టు"ను చూచియున్నది. కన్నులకు అద్దము, నోటికి గొట్టము, కాళ్లకు రెక్కలు, వీనితోబాటు నీళ్ల సీసా యంత చిన్న సిలిండరు, దానిలో గాలి కొట్టుటకు చేతిపంపు. అన్నియు కలిపి 20,000 రూపాయలలోపు.

"ఫోనులో వద్దు, దిల్‌సుఖ్‌నగర్‌లో మనిషి ముఖము చూచి కొనుమని మా మరిది చెప్పుచున్నాడు. అక్కడ రెట్టింపు ధర చెప్పుదురని అమ్మాయి వాదించుచున్నది. నాకు ఈ వస్తువులే తెలియవు. ప్రాణముతో పని గదా, ఏది మంచిదో చెప్పుడు" అని ఆమె వ్రాసిరి.

ప్రాణముతో పని యన్న మాట చదివిన తరువాత ఊరకుండలేక, ఒక ఆదివారమునాడు ఆ తల్లీకూతుళ్లను వెంటబెట్టుకొని బయలుదేరితిని. ఎల్.బి.నగరు మెట్రో స్టేషనువద్ద కలిసికొని, కొత్తపేట, చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగరు సాయిబాబా గుడిదాక, ఆటవస్తువుల దుకాణమన్నది ఒక్కటియు విడువక చూచితిమి. 2018 సెప్టెంబరు 24న ఈ దారిలో మెట్రో నడచినది మొదలు మాబోటి వారికి అంగళ్లు తిరుగుట కొంత సుళువైనది. కాళ్లు నొచ్చినచోట మెట్లెక్కి బండి పట్టుకొనవచ్చును. క్రికెట్టు బ్యాట్లు, షటిలు రాకెట్లు, క్యారము బల్లలు, యోగా చాపలు కావలసినన్ని యున్నవి. ఈతకు సంబంధించినవి ప్రతి దుకాణమునను ఒక మూల వ్రేలాడుచుండెను: రబ్బరు టోపీలు, చెవి బిరడాలు, చిన్న కళ్లద్దములు. రెండు చోట్ల మాత్రము నోటి గొట్టముతో కూడిన అద్దమొకటి ప్లాస్టిక్కు సంచిలో కనబడినది. పిల్ల దానిని చేతికి తీసికొనగానే దుకాణదారు, "ఎక్కడికమ్మా?" అని యడిగెను. అండమాను అని చెప్పితిమి.

"ఇది కొలనులో పిల్లలు ఆడుకునేదమ్మా. సముద్రం లోపలికంటే నేనివ్వను. రేపు ఏమన్నా అయితే నన్నే అడుగుతారు, అడగాలి కూడా" అని ఆయన దానిని తీసికొని మరల కొక్కెమునకు తగిలించెను.

అమ్ముడుపోవు సరకును చేతులారా వెనుకకు తీసికొన్న వర్తకుని నేను చాలకాలమునకు చూచితిని. ఇంటిలో పనికివచ్చునని ఆయనవద్ద రెండు రబ్బరు టోపీలు కొని వచ్చితిమి.

ఆలోచింపగా ఇందు వింత యేమియు లేదు. మన నగరము సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. విశాఖపట్టణము ఇచటికి 600 కిలోమీటర్లకు మించిన దూరము. ఎల్.బి.నగరు కూడలిలో విజయవాడ బస్సు కొరకు నిలిచిన వందమందిలో సముద్రములో మునుగబోవువాడు ఒకడైనను ఉండునో లేదో. వాడుక లేని సరకును ఏ వర్తకుడు నిలువచేయును? కావున ఆ మరిదిగారి మాటలో ఒక సవరణ కావలెను. ఈ విషయమున మన దగ్గరి అంగడి యనగా ఇంటికి దగ్గరిది కాదు, నీటికి దగ్గరిది. డైవింగు నేర్పువారే తీరమున సామగ్రిని ఉంచుకొందురు, అద్దెకిత్తురు, కొన్నిచోట్ల అమ్ముదురు కూడ. విశాఖవద్ద ఋషికొండలోను, పుదుచ్చేరిలోను, 2018 వరకు హేవ్‌లాక్ అనబడిన అండమానులోని స్వరాజ్ ద్వీపమునను అట్టి శిక్షణ స్థలములు గలవు. పోటీ ఫోనుకును దిల్‌సుఖ్‌నగరుకును కాదు; ఫోనుకును ఆ తీరపు గురువునకును.

ఇక సామాను సంగతి. మొదట ముఖమునకు పెట్టుకొను అద్దము, అనగా మాస్కు. కొలనులో పెట్టుకొను చిన్న కళ్లద్దములు దీనికి పనికిరావు. ఏలయనగా లోతునకు పోయినకొలది నీరు అద్దమును ముఖమునకు అదుముకొనును. మాస్కులో ముక్కు కూడ ఇమిడియుండినయెడల, ముక్కుతో కొంచెము గాలి వదలి ఆ అదుమును సరిచేసికొనవచ్చును. కన్నులను మాత్రమే కప్పు అద్దములో ఆ వీలు లేదు. కనుగ్రుడ్లచుట్టు నెత్తురు కమ్మును. ముఖమంతయు కప్పి నోటితోను ముక్కుతోను ఊపిరి తీయనిచ్చు గాజుబుర్ర వంటి మాస్కులు ఇప్పుడు ఫోనులో విరివిగా అమ్ముచున్నారు. అవి నీటిపై తేలి చూచుటకే గాని మునుగుటకు కావు.

మాస్కు సరిపోయినదో లేదో తెలిసికొను పరీక్ష మిక్కిలి తేలిక. తల వెనుక పట్టీ వేయకయే అద్దమును ముఖమునకు ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, చేయి వదలవలెను. ముఖమునకు అతుకుకొని నిలిచినచో అది మీది. జారినచో ఎంత ఖరీదైనదైనను మీది కాదు. బుగ్గయెముకల యెత్తు, ముక్కుదూలము, నవ్వినప్పుడు పడు గీత, ఇవన్నియు మనిషికొక తీరు. రవిక కొలత తీసి పంపవచ్చును గాని ముఖము కొలత తీసి పంపుట యెట్లు? ఇచట ఫోను ఓడిపోయినది.

మన పిల్లకు మరియొక చిక్కు గలదు. ఆమె దూరపు చూపునకు కళ్లజోడు పెట్టుకొనును. మాస్కు క్రింద కళ్లజోడు ఇమడదు. దాని కాడలు ప్రక్కనుండి నీటిని లోనికి రానిచ్చును. రెండు కన్నులకు రెండు వేర్వేరు అద్దములు గల కొన్ని రకముల మాస్కులకు పవరు అద్దములు సిద్ధముగా దొరకును, అర పాయింటు చొప్పున. కొనదలచినవారు ఆ మాస్కు అట్టి రకమో కాదో ముందుగా అడుగవలెను. నీటిలో వస్తువులు మూడవవంతు పెద్దవిగాను, నాలుగవవంతు దగ్గరగాను కనబడును గనుక స్వల్పమైన పవరు గలవారు అద్దము లేకయే నెట్టుకొనివత్తురు. ఈమెది మూడున్నర. "ఆ సెట్టులో పవరు అద్దము పట్టునా?" అని యడిగితిని. ఫోనులో ఎంత వెదకినను ఆ ముక్క లేదు.

అందరికంటె నన్ను భయపెట్టినది ఆ చిన్న సిలిండరు. దాని పొట్ట అర లీటరు. దానిలో గాలిని 200 రెట్లు కుక్కి నింపుదురనుకొందము. అప్పటికి లోపల నున్నది 100 లీటర్ల గాలి. నెమ్మదిగా నున్న మనిషి నిమిషమునకు సుమారు 15, 20 లీటర్లు పీల్చును. బెదరిన మనిషి అంతకు రెట్టింపు. సముద్రములో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణ పీడనము హెచ్చును. అనగా 10 మీటర్లవద్ద అదే ఊపిరికి రెట్టింపు గాలి వ్యయమగును. లెక్క కట్టి చూడుడు. నెమ్మదిగా నున్నను మూడు నిమిషములు దాటుట కష్టము. బెదరినచో అందులో సగము. శిక్షణలో ఇచ్చు సిలిండరు 11, 12 లీటర్లది, దీనికి ఇరువది రెట్లకు పైన. పిల్ల తన ఫోనులోనే లెక్క కట్టి, మారుమాట లేక దానిని ప్రక్కన పెట్టినది.

గాలి తక్కువయగుట యొక్కటియే కాదు. లోతున పీల్చిన గాలి పైకి వచ్చుకొలది ఉబ్బును. 10 మీటర్లవద్ద ఊపిరితిత్తుల నిండ గాలి పీల్చి, నోరు బిగించి పైకి వచ్చినచో, అది రెట్టింపు కావలెనని చూచును. తిత్తులలో అంత చోటు లేదు, అవి చిరుగును. ఇది రెండు మీటర్ల లోతునుండి వచ్చినను జరుగవచ్చును. గాలి అయిపోయినదని గాభరాపడినవారు మొదట చేయుపని ఊపిరి బిగబట్టి పైకి దూకుటయే. ఊపిరి ఎన్నడును బిగబట్టరాదని శిక్షణలో మొదటి దినముననే నేర్పుదురు. నేర్చుకొననక్కరలేదు, పెట్టెలోనుండి తీసి వాడుకొనవచ్చునని చెప్పి సిలిండరు అమ్మువారిని నేను క్షమింపలేను.

పెద్ద సిలిండరును కొని యింట నుంచుకొందునన్నను పని జరుగదు. మన దేశమున అట్టివి 2016 నాటి గ్యాసు సిలిండర్ల నియమములకు లోబడి యుండవలెను. నాగపురమున ప్రధాన కార్యాలయము గల పెసో అను సంస్థ అనుమతి, నిర్ణీతకాలమున పీడన పరీక్ష కావలెను. నింపిన సిలిండరును విమానమున తీసికొనిపోనీయరు. నింపుకొనుటకు చక్రములకు గాలికొట్టు దుకాణము పనికిరాదు. ఆ యంత్రపు నూనె ఆవిరియు, దారిని పోవు లారీల పొగయు ఊపిరితిత్తులకు విషము. సిలిండరును ఎవరును కొనరు, అద్దెకే తీసికొందురు.

సిలిండరునుండి నోటికి గాలి నందించు రెగ్యులేటరు దీనిలో ముఖ్యాంగము. ఈ పేరు మన వంటయింటిలో విన్నదే. గ్యాసు సిలిండరులోని అధిక పీడనమును తగ్గించి పొయ్యికి పంపునట్లే, ఇది 200 బార్ల పీడనమును రెండు మెట్లలో తగ్గించి, ఊపిరి పీల్చినప్పుడు మాత్రము, ఆ లోతునకు తగినంత గాలిని విడుచును. ఈ పోలిక నేను కల్పించినది కాదు. యుద్ధకాలమున ఫ్రాన్సులో పెట్రోలు కరవైనప్పుడు మోటారుకార్లను గ్యాసుతో నడుపుటకై ఎమీల్ గాన్యాన్ అను ఇంజనీరు ఒక కవాటమును చేసియుండెను. దానినే మార్చి అతడును, నౌకాధికారియైన జాక్ కూస్తోయును 1943లో ఈ ఊపిరి పరికరమును సిద్ధపరచిరి.

మంచి రెగ్యులేటరు అర లక్ష రూపాయలు దాటుట అరుదు కాదు. ఫోనులో అదే పేరుగలది కొంత తక్కువకు కనబడును. ఇచట ధరను కాక, రేపు దీనిని విప్పి బాగుచేయువాడెవడని అడుగవలెను. ఉప్పునీరు ఇత్తడిని తినును. లోపలి రబ్బరు వలయములు ఎండి పగులును. చాలమంది తయారీదారులు ఏటేట పరీక్షయు, కొన్నియేండ్లకొకసారి పూర్తి మరమ్మతును చెప్పుదురు. అధికారము పొందిన వర్తకునివద్ద కొననిచో హామీ చెల్లదని కొందరు పత్రములోనే వ్రాయుదురు. విదేశమునుండి తెప్పించినచో సుంకమును, పన్నును పడిన తరువాత చవుక చవుకగా నిలువదు; తీరా వచ్చినది అక్కడి సిలిండరు తలకు సరిపడకపోవచ్చును. బిగింపులలో యోక్ అనియు, డిన్ అనియు రెండు తెగలు గలవు. ఏది కావలెనో గురువునడిగి కొనవలెను. ఐరోపావారి ప్రమాణము ఇ.ఎన్. 250 అను ముద్ర రెగ్యులేటరు మీద ఉన్నదో లేదో చూడవలెను. ఇంతకు నాలుగు దినముల చదువునకు పోవుచున్న పిల్లకు రెగ్యులేటరు కొనుటయే తొందరపాటు. శిక్షణ రుసుములోనే సామాను అద్దె కలిసియుండుట వాడుక. అడిగి నిశ్చయపరచుకొని, అద్దె వస్తువును చివరిసారి ఎప్పుడు మరమ్మతు చేసిరో కూడ అడుగుడు. చెప్పుటకు తడబడువారిని విడిచి వేరొకరిని చూచుకొనవలెను.

నేను ఫోనులో కొనుటకు విరోధిని కాను. నీరు చొరని సంచి, త్వరగా ఆరు తువాలు, ఎండకు వేసికొను పొడుగుచేతుల చొక్కా, మాస్కు పట్టీకి గుడ్డ తొడుగు ఫోనులో నిశ్చింతగా కొనుడు. జుట్టు పొడుగుగా నున్నవారికి ఈ తొడుగు పెద్ద మేలు చేయును. చేతికి కట్టుకొని లోతును, కాలమును చూపు డైవు కంప్యూటరును కూడ అధికారము గల వర్తకుడైనచో ఫోనులో కొనవచ్చును. దానికి ముఖము కొలత అక్కరలేదు. కాలి రెక్కలు మాత్రము చెప్పులవంటివి, తొడిగి చూడక కొనరాదు. ఒంటికి బిగియు దుస్తును గూర్చి తల్లి కొంత సంకోచించిరి. అది మెడనుండి చీలమండదాక కప్పునదనియు, అండమానులో నీరు 27 మొదలు 30 డిగ్రీల వెచ్చదనమున నుండుటచే మూడు మిల్లీమీటర్ల మందము చాలుననియు చెప్పగా ఊపిరి పీల్చుకొనిరి. దానిని కూడ అద్దెకిత్తురు.

ఫోనులో కొన్నప్పుడు మనకు చట్టబలము లేదనుకొనుట పొరపాటు. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్సు నియమముల ప్రకారము అమ్మువాని పేరు, చిరునామా, వస్తువు తయారైన దేశము చూపవలెను. ఫిర్యాదు చేసిన 48 గంటలలో అందినదని తెలుపవలెను. ఒక నెలలో తీర్పవలెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మీరు నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును. విలువ అయిదు లక్షలు మించనిచో రుసుము లేదు. ముందుగా 1915 అను సంఖ్యకు ఫోను చేసి చూడుడు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణాధికార సంస్థ, ప్రమాణములకు నిలువని 2,265 ప్రెషరు కుక్కర్లు తన విపణిలో అమ్మబడినందుకు ఒక పెద్ద ఆన్‌లైను సంస్థకు లక్ష రూపాయల జరిమానా విధించి, వానిని వెనుకకు తీసికొని డబ్బు తిరిగి యిమ్మని ఆజ్ఞాపించినది. ఆ ఆజ్ఞ వచ్చునప్పటికే కుక్కర్లు వంటయిండ్లలో కూతలు వేయుచుండెను. కుక్కరు పాడైనచో ప్రక్కకు తొలగవచ్చును. 12 మీటర్ల లోతున తొలగుట కెచటికి?

నేను స్వయముగా మోసపోయిన సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. నాలుగేండ్ల క్రిందట మా అన్నగారి మనుమని ఈతకు ఫోనులో కళ్లద్దములు తెప్పించితిని. చుక్కల లెక్క చూచి మురిసితిని. పరీక్షల మూలమున వాడు నెలకు గాని కొలనుకు పోలేదు. మొదటి దినమే పట్టీ తెగినది. వాపసు గడువు పది దినములే. అప్పటినుండి వస్తువు రాగానే వాడి చూచిన తరువాతనే పెట్టెను పారవేయుచున్నాను.

మా వెంట నడచిన పొరుగింటావిడ యొకరు దారి పొడుగునను "ఆడపిల్లకిదేమి సరదా" అని సణుగుచుండిరి. ఆవిడకు నేను చెప్పినది ఇంతే. కొరియాలోని జేజు ద్వీపమున సిలిండరు లేకయే మునిగి నత్తలును నాచును ఏరి కుటుంబములను పోషించువారు స్త్రీలే. వారిలో అమ్మమ్మలు పెక్కుమంది. వారి సంస్కృతిని 2016లో యునెస్కో తన జాబితాలో చేర్చినది. మనకు దాపుననే, మన్నారు సింధుశాఖలో, రామనాథపురపు స్త్రీలు నాచు ఏరుటకై మునుగుచున్నారు. 1970లో అమెరికాలో సిల్వియా ఎర్ల్ అను శాస్త్రజ్ఞురాలి నాయకత్వమున స్త్రీలు మాత్రమే గల దళమొకటి సముద్రము అడుగున కట్టిన యింటిలో రెండు వారములు నివసించినది. గర్భిణులు మాత్రము దీని జోలికి పోరాదు; జలుబు చేసినవారు తగ్గువరకు ఆగవలెను; ఉబ్బసము గలవారు వైద్యుని అడుగక పోరాదు. పొరుగింటావిడ జేజు అమ్మమ్మల వయస్సడిగి ఊరకుండిరి.

పిల్ల జనవరిలో పోయి వచ్చినది. మొన్న తల్లి మరల వ్రాసిరి. సిలిండరు, రెగ్యులేటరు, గాలికోటు, దుస్తు అన్నియు అద్దెవే. కొన్నది మాస్కొక్కటే, గురువుగారి అంగడిలో. ఆయన నాలుగింటిని ముఖమునకు ఆనించి చూచి, మూడవదానికి పవరు అద్దములు బిగించి, లోపలి పొర పోవుటకు పళ్లపేస్టుతో రుద్ది కడిగి యిచ్చెనట. వెంట నున్న స్నేహితురాలు అదే మాస్కు గుర్తును ఫోటో తీసికొని వెదకి, ఆన్‌లైనులో 900 రూపాయలు తక్కువకున్నదని చెవిలో చెప్పినదట. పిల్ల ఒక నిమిషము తటపటాయించి, అంగడిలోనే డబ్బు చెల్లించినది. అరగంటసేపు ముఖముమీద అద్దములు పెట్టి చూచినవారికి నేనైనను అట్లే చెల్లించి యుందును; ఆ అరగంటయు ధరలోనిదే గదా. తల్లికి మాత్రము మనసొప్పలేదు. ఉత్తరము రెండు పుటలున్నది. అందు చేపలను గూర్చి అయిదు పంక్తులు, పిల్ల నుదుటిమీద ఇంకను చెరగని మాస్కు గీతను గూర్చి రెండు పంక్తులు. తక్కినదంతయు ఆ 900 రూపాయలను గూర్చియే.